ఉత్తరాన సముద్రం

మా ఇల్లు సముద్రంలో మునిగిపోయిన సంగతి నాకు ఆగస్టు ఏడో తేదీ ఉదయం పదిన్నరకు తెలిసింది. అప్పుడు నేను మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. మునిసిపాలిటీ మనిషి గేటుకు ఒక కాగితం అంటించి, కింద నుంచి కేకేశాడు.

"అమ్మా, మీ వీధి మునిగిపోయిందండి. వచ్చి సంతకం పెట్టాలి."

దిగి వచ్చి సంతకం పెట్టాను. దుప్పట్లు సాయంత్రానికి బాగానే ఆరాయి.

ఇది మొదటి నుంచి చెబితేగాని అర్థం కాదు. మా ఊరు కొత్తరేవు. సముద్రం ఊరికి తూర్పున ఉంటుంది. మా ఏడో వార్డు తూర్పు కొసన పాతరేవు అనే చేపలవాళ్ల పేట ఉంది. ఉత్తరపు కొసన మా శాంతినగర్ కాలనీ, దాని చివర ఒక పార్కు ఉన్నాయి. రెంటికీ మధ్య రెండు కిలోమీటర్ల దూరం, ఒక రైతుబజారు, రెండు కల్యాణమండపాలు.

ఈ ఏడాది జనవరిలో మా మునిసిపల్ కమిషనర్ పరాంకుశం గారు తీర నగరాల పరిపాలనను అధ్యయనం చేయడానికి పది రోజులు ఇండోనేషియా వెళ్లారు. అక్కడ ఒక సముద్రతీర నగరంలో తెలుక్ మెలాటి అనే డిస్ట్రిక్టు, అంటే మన వార్డులాంటి నగర విభాగం, చూశారు. అలాంటి డిస్ట్రిక్టును అక్కడ కెచమాతాన్ అంటారట, దాని అధికారిని చామాత్ అంటారట. ప్రతి ముప్పై నలభై ఇళ్లకూ ఒక పెద్ద ఉంటాడని, ఎవరి కప్పు కారుతోందో, ఎవరింట్లో బాలింత ఉందో అతనికి తెలుస్తుందని కమిషనర్ గారు వచ్చాక సభలో చెప్పారు. వినడానికి మంచి పద్ధతిలాగే ఉంది. అయితే విమానంలో బరువు ఎక్కువవుతుందనేమో, పద్ధతిని అక్కడే ఉంచి పేర్లు మాత్రం తెచ్చారు.

మా వార్డు ఆఫీసు బోర్డు మీద 'కెచమాతాన్-7' అని రాయించారు. వార్డు ఇంజనీరు దుర్యోధన గారు చామాత్ అయ్యారు. అక్కడివాళ్లలాగా శుక్రవారాలు సిబ్బంది అందరూ పూల చొక్కాలు వేసుకోవాలని సర్క్యులర్ వచ్చింది. దుర్యోధన గారు ఇచ్ఛాపురం వైపు మనిషి, కాస్త సిగ్గరి. శుక్రవారాలు ఆఫీసు వెనక గుమ్మం నుంచి వచ్చి వెళ్లేవారు.

తర్వాత ప్రతి వార్డుకూ 'భౌగోళిక, పరిపాలనా స్వరూప నివేదిక' ఉండాలన్నారు. ఆ పని ఒక సలహా సంస్థకు అప్పగించి పది రోజులు గడువిచ్చారు. వాళ్లు మా ఊరు రాలేదు. కమిషనర్ గారు తెచ్చిన తెలుక్ మెలాటి నివేదిక తీసుకుని, అందులో ఊరి పేరున్న చోటల్లా మా వార్డు పేరు, జావా సముద్రం ఉన్న చోటల్లా బంగాళాఖాతం పడేట్టు కంప్యూటర్‌కు చెప్పారు. కంప్యూటర్ విధేయంగా చేసింది. ఐదు నిమిషాల పని అయి ఉంటుంది. మిగిలిన పది రోజులు ఏం చేశారో తెలియదు.

మార్చిలో వార్డు సభలో నివేదిక ప్రతులు పంచారు. కాలనీ మహిళల తరఫున నన్ను పిలిచారు. నేను డిగ్రీలో భూగోళం చదివాను. ఆ చదువు ఇన్నేళ్లలో ఒక్కసారే ఉపయోగపడింది, ఇల్లు కట్టేటప్పుడు వంటగదిలోకి ఎండ ఏ నెలలో వస్తుందో మేస్త్రీకి చెప్పడానికి. అయినా ఏ కాగితమైనా పెన్సిల్ పట్టుకుని చదివే అలవాటు పోలేదు.

మొదటి పేజీలో మా వార్డు ఆరు డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉందని రాశారు. అంటే భూమధ్యరేఖ దాటి వెళ్లిపోయాం. అంత దూరం వెళ్లినా కొళాయి నీళ్లు మాత్రం రోజు విడిచి రోజే వస్తున్నాయి. రెండో పేజీలో, సమీప అగ్నిపర్వతం నలభై రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని రాశారు. దానికి అప్పటికే అప్రమత్తతా కమిటీ వేసి, సభ్యులకు గొడుగులు కూడా ఇచ్చారు. మూడో పేజీలో సరిహద్దులు ఉన్నాయి. ఉత్తరం: బంగాళాఖాతం. తూర్పు: పొరుగు కెచమాతాన్, మామిడి తోటలు.

నేను లేచాను.

"సార్, సముద్రం మనకు తూర్పున కదా ఉంది."

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వారు. ఆయన ఎప్పుడూ విసుక్కోరు.

"మేడమ్, మీరు చెబుతున్నది ప్రకృతిపరమైన సముద్రం. దాని ఉనికిని మేము కాదనడం లేదు. నివేదికలో ఉన్నది పరిపాలనాపరమైన సముద్రం. ప్రణాళికలు, మంజూరులు, పనులు అన్నీ రెండోదాన్ని అనుసరించి జరుగుతాయి. ఈ రెండింటినీ సామాన్య పౌరులు కలగాపులగం చేసుకోకుండా అవగాహన కల్పించవలసిన అవసరం ఎంతైనా ఉంది."

చప్పట్లు కొట్టారు. అవగాహన సదస్సు పెట్టాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు.

*

మసేనమ్మ పాతరేవు నుంచి రోజూ గంప నెత్తిన పెట్టుకుని మా కాలనీకి చేపలు తెస్తుంది. తొమ్మిదేళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాను. సొర అని చెప్పి ఇంకోటి అంటగట్టదు, పొద్దుటిదాన్ని ఇప్పటిదనదు. సముద్రానికి మొదటి వరసలో ఆమె ఇల్లు. నిజానికి అది నాలుగో వరస. ముందున్న మూడు వరసలూ ఆరేళ్లలో సముద్రం తీసుకుపోయింది.

"గడప కాణ్ణించి కెరటం కాడికి ఉగాదికి నలబై అడుగులుండీదమ్మా," అంది ఏప్రిల్లో, చేప పొలుసు గీస్తూ. "ఇప్పుడు ముప్పై ఒకటి. రాళ్ల గోడ కడతారంతన్నారు. ఎప్పుడో నీకేటైనా తెలుసా?"

మసేనమ్మ అడుగులంటే టేపు అడుగులు కావు. తెల్లారగానే గడప దిగి, మడమకు బొటనవేలు ఆనించి నడిచి లెక్కపెట్టే అడుగులు. ఆమె చెప్పిన అంకెను పాలవాడి క్యాలెండర్ వెనక రాసి పెట్టుకునేదాన్ని. మేలో ఇరవై ఆరు. జూన్ మొదట్లో ఇరవై రెండు.

గోడ సంగతి అడుగుదామని వార్డు ఆఫీసుకు వెళ్లాను. గోడ మంజూరైంది. దుర్యోధన గారు ఫైలు తీసి, నా ఎదుట పెట్టారు.

"స్థలం కాడ చదవండి మేడమ్."

'వార్డు ఉత్తర సరిహద్దు, సముద్రతీరం' అని ఉంది.

"ఉత్తరాన మా పార్కు ఉందండీ. ఉయ్యాలలు, జారుడుబల్ల."

"నేనూ ఆ తూరుపు సముద్రంలో ఈతలాడి పెరిగినోణ్ణే మేడమ్. నాకు తెల్దా? ఫైలుకి తెల్దు."

"సవరించవచ్చు కదా?"

ఆయన గొంతు తగ్గించారు. గోడ మీద అద్దాల పెట్టెలో ఒక షీల్డు మెరుస్తోంది.

"అదే చిక్కు. తీర వార్డుల స్వరూప నివేదికల పోటీలో మనకి మొదటి బహుమతి వచ్చింది. 'స్పష్టమైన సరిహద్దులు' అని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఇప్పుడు సరిహద్దు తప్పంటే షీల్డు వెనక్కి ఇయ్యాల. కమిషనర్ గారు దాంతో ఫొటో దిగారు. పోనీ స్థలం ఒక్కటీ మార్చమంటే, మంజూరు మొదటికొత్తది. రెండేళ్లు."

"మసేనమ్మ ఇంటికి ఇరవై రెండు అడుగులే ఉందండీ."

ఆయన ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. నా చేత ఒక అర్జీ రాయించుకుని, రసీదు ఇచ్చారు.

*

అర్జీ మీద చర్య తీసుకున్నారు. అలా తీసుకోలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. 'ఏడో వార్డులో సముద్రం దిశపై ఒక గృహిణి లేవనెత్తిన సందేహం' అన్న విషయంతో కమిషనర్ గారు మూల నివేదిక రాసిన తెలుక్ మెలాటి చామాత్ గారికే ఉత్తరం రాశారు. మీ నివేదికలో సముద్రం ఉత్తరాన ఉన్నట్టు నమోదైంది, ఈ దిశ ఇప్పటికీ అమలులో ఉన్నదో లేదో ధ్రువీకరించగలరు అని. మర్యాదగా ఉంటుందని మా తీరంలో సూర్యోదయం ఫొటో ఒకటి జతచేశారు.

జులైలో జవాబు వచ్చింది. నకలు నాకు ఒకటి పంపారు. ఆ చామాత్ పేరు విర్యాంతో. పొడి పొడి ఇంగ్లీషులో, చక్కని మనిషి రాసినట్టుంది.

"మా సముద్రం ఎప్పటిలాగే ఉత్తరాన ఉంది. ఈ ఏడాది మరో రెండు వీధులు లోపలికి వచ్చింది. మేము ముందు జనాన్ని తరలించాం, తర్వాత మ్యాపు మార్చాం. మీరు పంపిన ఫొటో చాలా బాగుంది. అందులో సూర్యుడు నీళ్లలోంచి లేస్తున్నాడు. కాబట్టి మీ సముద్రం తూర్పున ఉండవచ్చునేమో. దయచేసి ఒకసారి బయటికి వెళ్లి చూడండి."

కమిషనర్ గారు మొదటి రెండు వాక్యాల కింద ఎర్ర సిరాతో గీత గీశారు. తక్కిన వాక్యాలు మర్యాద కోసం రాసినవని పక్కన రాశారు. గీత గీసిన వాక్యాలనుబట్టి, సముద్రం ఉత్తరాన ఉన్నట్టు అంతర్జాతీయ స్థాయిలో ధ్రువపడింది. అంతేకాదు, అది రెండు వీధులు లోపలికి వచ్చింది.

మా కాలనీలో పార్కు వైపు నుంచి లెక్కపెడితే మా ఇల్లు రెండో వీధి.

*

నోటీసు అంటించిన మర్నాడే రంగు డబ్బాతో ఇద్దరు వచ్చి, రెండు వీధుల్లోనూ ప్రహరీ గోడల మీద నా భుజం ఎత్తున నీలం గీత గీసుకుంటూ వెళ్లారు. అది సముద్ర మట్టమట. మా కాలనీ సంఘం కార్యదర్శి పట్నాయకుని వారు మొదట గాభరా పడ్డారు, తర్వాత తేరుకున్నారు. తన రెండో ఇంటికి అద్దెకిచ్చే బోర్డు మీద 'సముద్రానికి ఎదురుగా' అని రాయించుకున్నారు. నీలం గీత తన గోడ మీద కాస్త వంకరగా వచ్చిందని దిద్దించారు కూడా.

మసేనమ్మ గంప దించి, మా గోడను కిందికీ మీదికీ చూసింది.

"ఏటమ్మా, మీ కాలనీకి సముద్రం వచ్చీసిందంట? మరి నానీ గంప రెండు కిలోమీటర్లు మొయ్యడమెందుకు? పెరట్లోనే వలేసుకోండి."

"ఎన్ని అడుగులు?"

ఆమె నవ్వు ఆగింది.

"పదకొండు."

అదే వారం వాళ్ల వరసలో దక్షిణపు చివర నర్సమ్మ ఇల్లు కూలింది. మధ్యాహ్నం వేళ, ఇంట్లో ఎవరూ లేరు. ముసలామె రైతుబజారులో ఎండుచేపలు అమ్ముకుంటోంది. వచ్చేసరికి వెనక గోడ, పొయ్యి, ట్రంకుపెట్టె నీళ్లలో ఉన్నాయి. ఉండడానికి మరో చోటు చూపించమని ఆమె పెట్టుకున్న అర్జీకి జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. ఆ వేగం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. మసేనమ్మ దాన్ని మడతపెట్టి నా దగ్గరికి తెచ్చింది. చదివి వినిపించాను.

'అర్జీదారు ఇంటికి తూర్పున మామిడి తోటలు మాత్రమే గలవు. సముద్రం లేనందున, సదరు ఇల్లు కూలుటకు యజమాని నిర్లక్ష్యమే కారణమని భావించడమైనది.'

మసేనమ్మ ఆ కాగితం తీసుకుని తిరగేసి చూసింది, వెనక ఇంకేమైనా రాశారేమోనని.

"మామిడి తోటలో మునిగిపోయిందన్నమాట నర్సమ్మత్త కొంప," అంది. "పోన్లే. రేపు పళ్లు కోసి తెత్తాను, తీసుకో."

ఆ పూట ఆమె చేపలు ఇచ్చి, గంప ఎత్తుకోవడానికి నన్ను సాయం పట్టమంది. ఎప్పుడూ తనే ఎత్తుకునేది.

*

సెప్టెంబరు రెండో వారంలో రాళ్లు వచ్చాయి. నలభై లారీల నల్లరాళ్లు మా పార్కు ముందు గుట్టలుగా పోశారు. ఒక్కొక్కటి దూడంత ఉంది. ఉయ్యాలలు కనపడటం మానేశాయి. పట్నాయకుని వారి కారు షెడ్డులోనే ఉండిపోయింది. కాపలాకు ఒక వాచ్‌మన్‌ను వేసి, కుర్చీ, గొడుగు, రిజిస్టరు ఇచ్చారు. గొడుగు అగ్నిపర్వతం కమిటీది.

అక్టోబరు వస్తోంది. మా తీరంలో అక్టోబరు, నవంబరు అంటే తుపాను నెలలు. క్యాలెండర్ వెనక చివరి అంకె ఏడు.

నేను వాచ్‌మన్‌కు టీ ఇచ్చి, రిజిస్టరు అడిగి తీసుకున్నాను. మొదటి పేజీలో నియమాలు అచ్చువేసి ఉన్నాయి. ఎవరూ చదవని చిన్న అక్షరాలు. దొంగతనమైతే పోలీసు కేసు. పక్కకు తరలిస్తే పై అధికారి అనుమతి. ఆరో నియమం దగ్గర ఆగాను. 'అలల తాకిడికి కొట్టుకుపోయిన రాళ్ల విషయంలో ఏ ఉద్యోగీ బాధ్యుడు కాడు. తేదీ, సమయం నమోదు చేసిన చాలును.' పెన్సిల్‌తో దాని పక్కన గీత గీసి, దుర్యోధన గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆ రోజు శుక్రవారం. ఆయన ఎర్ర మందారాల చొక్కాలో ఉన్నారు.

"ఒక సందేహమండీ. పార్కు ముందున్న చోటు రికార్డు ప్రకారం సముద్రమే కదా?"

"సముద్రమే. మీ గోడ మీద గీత కూడా ఉంది."

"సముద్రంలో పోసిన రాళ్లు కనపడకుండా పోతే మీరేమని రాస్తారు?"

ఆయన ఆరో నియమం చదివారు. మళ్లీ చదివారు. చొక్కా మొదటి గుండీ విప్పుకున్నారు.

"సముద్రంలో రాళ్లని సముద్రం పట్టుకెళ్తే అడిగేవోడెవడు మేడమ్?" అన్నారు నెమ్మదిగా. "కానీ అలలు నిదానంగా రావాల. కాలనీలో ఎవరికీ దెబ్బ తగలకూడదు. పెద్ద రాళ్లు అడుక్కి, చిన్నవి పైకి ఏసుకోవాల. ఏటవాలుగా. నిలువుగా పేర్తే నిలవ్వు." ఒక కాగితం తీసుకుని, వాలు ఎంత ఉండాలో గీసి, "ఇది నేను మీకు ఇవ్వలేదు," అని నా చేతికిచ్చారు.

*

సెప్టెంబరు ఇరవై రెండు నుంచి మూడు రోజులు మా కాలనీలో పెద్ద అలలు వచ్చాయి. ఉదయం పదింటికి మొదలై, మధ్యాహ్నం భోజనాలకు గంటసేపు తగ్గి, సాయంత్రం ఐదు దాకా ఉండేవి. అలలతో పాటు ఒక జేసీబీ, మూడు ట్రాక్టర్లు, కొబ్బరి మోకులు, గునపాలు, పాతరేవు మగవాళ్లు పాతికమంది, వాళ్లను నిలబడనివ్వకుండా కేకలేసే ఆడవాళ్లు అంతమందీ వచ్చారు.

"ఒరే అప్పన్నా, ఆ రాయిని ముద్దెట్టుకుంతావేటి? తొయ్యి!" అని మసేనమ్మ అరుస్తోంది.

"తొయ్యడానికి అల నానా, నువ్వా?" అన్నాడు అప్పన్న.

పట్నాయకుని వారు తన కారు షెడ్డుకు అడ్డం తొలగడం చూసి, సంతోషం పట్టలేక అందరికీ మజ్జిగ పోయించారు. వాచ్‌మన్ మాత్రం హడలిపోయి దుర్యోధన గారికి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, రాళ్లెళ్లిపోతన్నాయండి!"

"ఎల్లకేటి చేస్తాయి? అల కదా. టైము రాసుకో."

"తూరుపు కెళ్తన్నాయండి సార్!"

"అల ఎటు పట్టుకెళ్తే మనకెందుకురా? టైము రాయి."

వాచ్‌మన్ నిజాయితీపరుడు. రిజిస్టరులో ఇలా రాశాడు: '10.20కి మొదటి అల. ట్రాక్టరు చప్పుడుతో వచ్చినది. 1.00కి శాంతించినది. మజ్జిగ తాగితిమి.'

మూడో రోజు సాయంత్రం నేను పాతరేవు వెళ్లి చూశాను. దుర్యోధన గారి గీత ప్రకారమే, పెద్ద రాళ్లు అడుగున, చిన్నవి పైన, ఏటవాలుగా పేర్చారు. కెరటం వచ్చి రాళ్ల మీద పగిలి, నురగై, ఖాళీ చేతులతో వెనక్కి వెళ్తోంది. మసేనమ్మ గడప దిగి, మడమకు బొటనవేలు ఆనించి రాళ్ల దాకా నడిచింది.

"నాలుగు," అంది. తర్వాత రాయి మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది.

రాళ్లు పన్నెండిళ్లకు సరిపోయాయి. వరసలో ఇంకా పదహారిళ్లు మిగిలాయి. నర్సమ్మ కోడలు ఆ చివర నిలబడి చూస్తోంది.

*

వారం తర్వాత కమిషనర్ గారు నష్టాన్ని స్వయంగా పరిశీలించడానికి మా పార్కుకు వచ్చారు. ఉయ్యాలలు మళ్లీ కనపడుతున్నాయి. నేల మీద ట్రాక్టరు చక్రాల గాడులు లోతుగా, వరసగా ఉన్నాయి. ఆయన వంగి చూశారు.

"చూశారా, అల లాగిన జాడలు. ఎంత క్రమశిక్షణతో లాగిందో!" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మేడమ్, ఇప్పటికైనా సముద్రం ఎక్కడున్నదో మీకు అవగాహన కలిగిందనుకుంటాను."

"కలిగిందండీ," అన్నాను.

"నలభై లారీల రాళ్లను మూడు రోజుల్లో మింగిన సముద్రం సామాన్యమైనది కాదు. దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. మరో అరవై లారీలు మంజూరు చేస్తున్నాను. యుద్ధప్రాతిపదికన."

వెనక నిలబడ్డ దుర్యోధన గారు ముఖం పక్కకు తిప్పుకుని గట్టిగా దగ్గారు.

మర్నాడు మసేనమ్మ వచ్చింది. గంప దించి, ఒక మంచి చేపను తీసి పక్కన పెట్టింది. వెల అడిగితే కసిరింది. అరవై లారీలూ సోమవారానికల్లా వచ్చేస్తాయని చెప్పాను.

"అయితే మీ కాలనీకి కెరటాలు బేగి రప్పించమ్మా. వాయుగుండం పడిందంతన్నారు రేడియోలో."

నేను క్యాలెండర్ తీసుకుని, బుధవారం దగ్గర పెన్సిల్‌తో 'పెద్ద అల' అని రాశాను. ఆమెకు చదువు రాదు గానీ గడి ఎక్కడుందో చూసుకుంది.

"బుధవారమొద్దు. ట్రాక్టర్లు ఇటుకల బట్టీకి ఎల్తాయి. మంగళారం రప్పించు."

చెరిపి, మంగళవారం రాశాను.